చెర్నాకోల ముట్టని ఆసామి

మొన్న వేసవి సెలవులకు అమెరికా నుంచి మా మనవడు వచ్చాడు. పదమూడేళ్ళవాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది గాని మాట్లాడమంటే సిగ్గు. ఒకనాటి మధ్యాహ్నం భోజనాలయి, కాస్త నడుం వాలుద్దామని నేను చాప పరుచుకుంటూ ఉంటే, తన ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. అందులో రెండు కార్లు. కార్లంటే మనం ఎక్కే కార్లు కావు. పొట్లకాయకు చక్రాలు బిగించినట్టున్నాయి. పచ్చదీపం వెలిగిందో లేదో, పొగ, మోత, అంతే. నేను కళ్ళజోడు సవరించుకునేలోగా పందెం అయిపోయింది.

"దీన్ని డ్రాగ్ రేస్ అంటారు తాతా" అన్నాడు.

డ్రాగ్ అంటే ఈడ్వడం గదా, ఇందులో ఎవరు దేన్ని ఈడ్చారురా అని అడిగాను. వాడికీ తెలియదు. కాని మిగతా సంగతులన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తిన్నని బాట, మలుపులుండవు. పావు మైలు, అంటే 1,320 అడుగులు. 1951లోనే దీనికొక జాతీయ సంఘం పెట్టుకున్నారు. 2008లో ఒక డ్రైవరు ప్రాణం పోయాక, అన్నిటికన్నా వేగంగా పోయే బండ్లకు దూరం వెయ్యి అడుగులకు తగ్గించారు. వీడికి ఆరాధ్యుడు డాన్ గార్లిట్స్ అనే ఆయన. తన బండి తనే కట్టుకొని, తనే నడిపి, జట్టుకు తనే యజమానిగా ఉన్న మనిషి. 1970లో కాలిఫోర్నియాలో పందెం మొదలవుతూండగానే బండిలోని గేర్ల పెట్టె పేలి, ఆయన కుడిపాదం కొంత తెగిపోయింది. అప్పటిదాకా ఆ బండ్లలో చాలావాటికి ఇంజను డ్రైవరు ముందుండేది. ఈయన దాన్ని డ్రైవరు వీపు వెనక్కి మార్చి బండి కట్టాడు. తర్వాత తక్కినవాళ్ళూ ఆ దారికే వచ్చారు.

"మన ఊళ్ళో ఇట్లాంటివాళ్ళు ఉన్నారా తాతా?" అన్నాడు చివరికి, ఉండరనే ధీమాతో.

నాకు నిద్ర ఎగిరిపోయింది. ఉండేవాడు. మా పెద్దనాయన.

మా ఊరు కుందూ ఒడ్డున ఉంది. కుందూ కర్నూలు సీమలో పుట్టి, నంద్యాల, కోవెలకుంట్ల పక్కగా పారి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. దాని రెండు ఒడ్లా నల్లరేగడి. వాన కురిస్తే కాలు పీకడం కష్టం, ఎండితే చెయ్యి పట్టేటంత నెర్రెలు. ఆ నేలలో మడక దిగాలంటే ఎద్దుల్లో సత్తువ ఉండాలి. కాబట్టి మావైపు మంచి ఎద్దులున్న ఆసామికి, మంచి నేల ఉన్న ఆసామికన్నా ఒక మెట్టు ఎక్కువే మర్యాద. పైగా అది నందిని మొక్కే సీమ. నంద్యాల చుట్టూ నవనందులు, యాగంటిలో బసవన్న. ఏమాటకామాట చెప్పుకోవాలి, నందికి పొర్లుదండాలు పెట్టి వచ్చి ఇంట్లో ఎద్దును ముల్లుకర్రతో పొడిచేవాళ్ళూ ఆ సీమలోనే ఉన్నారు.

బండలాగుడంటే ఏమిటో మావైపు వారికి చెప్పనక్కర్లేదు. పట్నాల్లో పెరిగినవారి కోసం నాలుగు మాటలు చెబుతాను. మైదానంలో తిన్నగా బాట గీస్తారు. ఒక పెద్ద రాతిబండకు గొలుసు తగిలించి కాడికి కడతారు. బండకు చక్రాలుండవు, అడుగున దుంగలుండవు. ఒట్టి నేలమీద ఈడ్వాలి. గడువు పెడతారు, ఇప్పుడు చాలాచోట్ల ఇరవై నిముషాలు. బాట కొసదాకా ఈడ్చి, అక్కడ తిప్పుకొని, మళ్ళీ ఈ కొసకు. గడువులోపల మొత్తం ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. ఎద్దుల వయసు పళ్ళనుబట్టి. పాలపళ్ళవాటికి ఒక పోటీ, రెండు పళ్ళవాటికి ఒకటి, నాలుగింటికి, ఆరింటికి. పళ్ళన్నీ కలిసినవాటిది పెద్ద పోటీ. అందులో బండ టన్ను దాటి ఉంటుంది. ఒట్టి సేద్యపు ఎద్దులకని వేరే పెట్టడమూ ఉంది. శివరాత్రికి, ఉగాదికి, ఏరువాక పున్నమికి, తిరునాళ్ళ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో. గోడలమీద కాగితాలు అంటిస్తారు చూశారూ, వాటిలో ఎద్దులని రాయరు, "వృషభరాజములు" అని రాస్తారు. ఆ కాగితాలు చూసే మాకు చిన్నప్పుడు వృ రాయడం వచ్చింది.

చూసేవారి కళ్ళన్నీ ఎద్దులమీదే ఉంటాయి. తోలేవాడి పని కనిపించేది కాదు. రోజంతా సేద్యం చేసే ఎద్దు నిలకడగా లాగగలిగేది తన బరువులో పదోవంతు అని పశువైద్యులు లెక్క చెబుతారు. ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు, కాని కొద్దిసేపే. అదీగాక, నిలబడ్డ బండను కదిలించడానికి పట్టేంత బలం, కదిలిన బండను నడిపించడానికి పట్టదు. అందుకని బండను ఆగనివ్వకూడదు. ఆగకుండా తోలితే ఎద్దులకు ఊపిరందదు. రెండూ ఒక్కసారే అడుగు వేయాలి. ఒకటి ముందు గుంజి రెండోది తర్వాత గుంజితే బండ ఉలకదు, మెడలే కమిలిపోతాయి. ఎక్కడ పరుగెత్తించాలి, ఎక్కడ ఊపిరి పీల్చుకోనివ్వాలి, మలుపులో ఏ ఎద్దును పట్టి ఏ ఎద్దును వదలాలి, ఇదంతా తోలేవాడి చేతిలో ఉంది.

ఎద్దులున్న ఆసాములు చాలామంది తోలడానికి మనిషిని పెట్టుకునేవారు. అతనికి అటొకడు ఇటొకడు చెర్నాకోలలతో పరుగెత్తేవారు. మా పెద్దనాయన ఎద్దులూ ఆయనవే, తోలేదీ ఆయనే. చేతిలో చెర్నాకోల ఉండేది కాదు. దాపటి ఎద్దు నడుంమీద ఎడమచెయ్యి వేసి, నాలుక అంగిట కొట్టి ఒక చప్పుడు చేసేవాడు. అంతే. దాపటిది తెల్లగా ఉండేది, సుద్దోడు. వలపటిది మూపురం దగ్గర బూడిద రంగు, మైలోడు. పేరు పెట్టి పిలిస్తే చెవులు వెనక్కి తిప్పేవి.

ఆయన్ను సాధువనుకోకండి. ఎద్దుల్ని కొట్టకపోవడానికి ఆయన చెప్పే కారణంలో దయ ఊసే లేదు. "మడక కాడ దెబ్బకు అలవాటు చేస్తే, బండ కాడ గూడా దెబ్బే కావల్ల. దెబ్బ తగిలినప్పుడు ఎగురుతాది, మల్ల నిలబడతాది. మాటకు అలవాటు చేస్తే, మాట ఆగేదాకా పోతాది" అనేవాడు. లెక్క మనిషి. ఆ లెక్క ఇంటి విషయంలో మాత్రం ఉండేది కాదు. ఒంగోలు వైపు పోయి కోడెల్ని కొనుక్కు రావడానికి పెద్దమ్మ మెడలోది తాకట్టు పెట్టాడు. అది మళ్ళీ ఆమె మెడలోకి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. "బిడ్డలకు జొన్నసంగటి, ఎద్దులకు ఖర్జూరం" అని ఆమె వీధి వీధికీ వినబడేట్టు అనేది. అంటూనే తెల్లవారుజామున లేచి పెద్ద బానలో ఉలవలు ఉడకేసేది. ఉలవలు ఎద్దులకు, వార్చిన కట్టు మాకు. ఆ కట్టుతో ఆమె కాచిన చారుకు సాటి చారు ఇంతవరకు నేను తాగలేదు. ఇప్పుడు పట్నం హోటళ్ళలో ఉలవచారని గిన్నెలో మీగడ వేసి తెచ్చి పెడుతున్నారు. అది తింటున్నవారికి, వెనక ఒక ఎద్దు ఉండేదని తెలుసో తెలియదో.

1968లో నేను ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యాను. మా నాయన అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. కర్నూలులో పి.యు.సి. చేరాలి. ఫీజు, హాస్టలు, రెండు జతల బట్టలు. ఇంట్లో ఏమీ లేదు. అంతకు ముందు కారు పంట ఎండిపోయింది. ఆ వేసవిలో మా ఊరికి ఆరు మైళ్ళ దూరాన తిరునాళ్ళ. పెద్ద పోటీలో మొదటి బహుమతి తులం బంగారు. ఆ రోజుల్లో తులం రెండు వందల లోపే గాని, మాకది రెండు లక్షలు. "అబ్బీ, ఆ తులం నీదే. నువ్వు పెట్టె సర్దుకో" అన్నాడు పెద్దనాయన. నేను నిజంగానే సర్దుకున్నాను. రేకుపెట్టె మీద తెల్లరంగుతో పేరు కూడా రాయించుకున్నాను.

పోటీ సాయంత్రం మొదలైంది. మా జత వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. బండ చుట్టూ దుమ్ము, జనం చెట్లెక్కారు. అప్పటిదాకా లాగిన జతల్లో పైచేయి కడప వైపు నుంచి వచ్చిన ఒక జతది. గడువు పావుగంట. పదో నిముషానికే మా ఎద్దులు ఆ గుర్తును దాటినంత పని చేశాయి. ఇంకో నాలుగైదు బారలు పోతే చాలు, తులం మాది. నేను గీత దగ్గర నిలబడి గొంతు పోయేట్టు అరుస్తున్నాను. అప్పుడు మలుపు తిరిగి వస్తూ మైలోడు కాలు జారి ముందు మోకాళ్ళమీద పడ్డాడు. పడి, మళ్ళీ తానే లేచాడు. జనం ఈలలు. లేచి ఒక అడుగు వేశాడు, రెండడుగులు వేశాడు, బండ కదిలింది కూడా. ముందు కుడికాలి గిట్ట చీలి నెత్తురు వస్తున్నదని నాకు కనబడలేదు. పెద్దనాయనకు కనబడింది.

ఆయన రెండు ఎద్దుల ముందుకూ వచ్చి నిలబడ్డాడు. చేతులు చాచి ఆపాడు. తర్వాత వంగి, ముందు మైలోడి మెడ పలుపు విప్పాడు. ఇంకా గడువు నాలుగు నిముషాలుంది. గడియారం పట్టుకున్న పెద్దమనిషి ఆ సంగతి గట్టిగా చెప్పాడు కూడా. పందేలు కాసినవాళ్ళు బూతులు మొదలుపెట్టారు. ఒకడు బాటలోకి దూకి, "నాలుగు బారలే గదప్పా, దాని చావేమన్నా వచ్చిందా!" అని చెర్నాకోల అందించబోయాడు. పెద్దనాయన ఆ చెర్నాకోలవైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. మైలోడిని నడిపించుకుంటూ బయటికి పోయాడు. కాడి, గొలుసు, బండ, అన్నీ అక్కడే బాటలో పడి ఉన్నాయి.

ఆ రాత్రి ఇంటికి నడిచి వచ్చాం. ఆరు మైళ్ళు. మైలోడు కుంటుతూ, మేము వాడి అడుగుతో. నేను ఆయనతో మాట్లాడలేదు. ఆ రాత్రే కాదు, వినాయక చవితి దాకా మాట్లాడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నాకు కావలసింది నాలుగు బారలు. ఆ నాలుగు బారలూ ఎద్దు కాలికన్నా నా బతుక్కే ఎక్కువ అవసరమని నా వాదం. పదహారేళ్ళవాడికి ఆ వాదంలో తప్పు కనబడదు. నిజం చెప్పాలంటే, ఆ వాదంలో బొత్తిగా పస లేదని ఈ వయసులోనూ అనలేను.

కాలేజీ ఆ యేడు పోయింది. బడికి పోనివాడు సేనికి పోవాలి గదా. మైలోడు గిట్ట మానేదాకా కాడికి రాడు. అరువు తెచ్చిన ఎద్దును సుద్దోడి పక్కన కట్టి, గుంటక వెనక నన్ను నిలబెట్టాడు. సుద్దోడు నా మాట వినలేదు. నాకు కోపం వచ్చి ఒక పుల్ల విరిచి కొట్టాను. వాడు ఎగరలేదు, పరుగెత్తలేదు. ఆగి, తల వెనక్కి తిప్పి చూశాడు. దెబ్బ అంటే ఏమి చెయ్యాలో వాడికి ఎవరూ నేర్పలేదు. గట్టుమీద కూర్చున్న పెద్దనాయన ఏమీ అనలేదు. నేను ఆ పుల్ల పారేసి, నాలుక అంగిట కొట్టడం నేర్చుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. మరుసటి యేడు పంట కొంత చేతికొచ్చింది, కాలేజీలో చేరాను.

మైలోడి గిట్ట మానింది, సేద్యానికి పనికొచ్చాడు. బండకు మాత్రం ఆయన మళ్ళీ కట్టలేదు. వాణ్ణీ కట్టలేదు, ఇంకో జతనూ తేలేదు. కాని చుట్టుపక్కల ఏ తిరునాళ్ళకైనా ఆయనకు పిలుపు వచ్చేది, గీత దగ్గర నిలబడి టేపు పట్టడానికి. ఓడిపోయినవాడు కొలత తప్పని గొడవపడడం ఆ పోటీల్లో మామూలు. ఈయన టేపు పట్టినచోట గొడవ ఉండేది కాదు. ఎందుకంటే, తనకు నాలుగు బారల దూరంలో ఉన్న తులం బంగారాన్ని వదులుకున్న మనిషి, ఎవడికోసమో జానెడు అడ్డం జరుపుతాడని ఎవరనుకుంటారు? ఆనాడు చెర్నాకోల అందించబోయిన మనిషి తర్వాత సొంత జత తెచ్చుకొని, కోడెలకు పళ్ళు చూపించడానికి మా ఇంటికే వచ్చేవాడు. పెద్దమ్మ అతనికి మజ్జిగ ఇచ్చేది గాని పలకరించేది కాదు.

మా మనవడు ఇక్కడ నన్నొక ప్రశ్న అడిగాడు: ఎద్దులచేత బండ లాగించడం తప్పు కాదా? నేను గబుక్కున జవాబు చెప్పలేకపోయాను. ప్రాణి హింస నిరోధక చట్టం మనకు 1960లో వచ్చింది. దానికోసం రాజ్యసభలో పాటుపడినావిడ నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్. ఆ చట్టం కింద 1965లో వచ్చిన నిబంధనల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. ఎండ 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల దాకా ఎద్దులచేత బరువు లాగించకూడదట. మా కర్నూలు ఎండలు తెలిసినవారెవరో రాసి ఉండాలి! 2014 మేలో సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ నిషేధించింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకుంటే, ఆ సవరణలు చెల్లుతాయని 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మావైపు తిరునాళ్ళలో బండలు కదులుతూనే ఉన్నాయి.

కోర్టులో చెప్పిన క్రూరత్వం అబద్ధం కాదు. తోక మెలిపెట్టడం, మేకు గుచ్చడం, సారా పట్టించడం నేను కళ్ళారా చూశాను. పోటీలు లేకపోతే ఒంగోలు ఎద్దును సాకేవాడే ఉండడన్న మాటా అబద్ధం కాదు. ట్రాక్టరు వచ్చాక మడకకు, గుంటకకు వాటి అవసరం దాదాపు తీరిపోయింది. ఆ జాతే సముద్రం దాటి బ్రెజిల్‌లో "నెలోర్" అనే పేరుతో కోట్లలో పెరిగింది, మాంసం కోసం. ఇక్కడ ఒక జతను సాకడానికి అయ్యే ఖర్చుకు బహుమతి తప్ప వేరే రాబడి లేదు. నా మట్టుకు నాకు తోచింది చెబుతాను: పోటీ ఉండనివ్వండి, బాటలోకి చెర్నాకోల పోనివ్వకండి. మాటకు కదలని జత ఇంటికి పోవాలి. ఇది జరిగే పనేనా అంటారు. ఒక మనిషి జరిపించగా చూశాను గదా. అయితే ఆ మనిషి గెలవలేదన్నదీ నిజమే. మనవడు ఆ మాట పట్టుకున్నాడు.

"ఆయన ఓడిపోయాడుగా తాతా?"

"ఓడిపోయాడు" అన్నాను.

మర్నాడు వాణ్ణి మా ఊరు తీసుకుపోయాను. పెద్దనాయన పోయి ఇరవై యేళ్ళు దాటింది. ఇల్లు మారింది, కొట్టంలో ట్రాక్టరు ఉంది. వాకిట్లో వేపచెట్టు కింద, ఆయన ఎద్దులకు మరపడానికి పెట్టుకున్న బండ మాత్రం అట్లాగే ఉంది, గొలుసు తగిలించే ఇనుపకొక్కెం తుప్పు పట్టి. దానిమీద మా వదిన వడియాలు ఎండబెట్టింది. మనవడు వడియాలు పక్కకు తీయించి, రెండు చేతులూ ఆనించి, మడమలు నేలకు తన్నిపెట్టి తోశాడు. బండ కదలలేదు. చొక్కా చేతులు పైకి మడిచి మళ్ళీ తోశాడు. వదిన వాకిట్లో నిలబడి, "ఏందప్పా, అమెరికాలో బువ్వ పెట్టరా బిడ్డకు!" అని నవ్వుతున్నది.

వాడు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఆ చప్పుడు ఎట్లా చేసేవాడు తాతా?" అన్నాడు.

చేసి చూపించాను. పళ్ళు కదులుతున్నాయి, సరిగా రాలేదు.